మొబైల్ హోమ్ బెల్లీ చిరిగిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మొబైల్ హోమ్ కొనుక్కుని ఉంటున్న తెలుగు కుటుంబాలున్నాయి. అద్దెకిద్దామని ఒకటో రెండో కొనిపెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కొనేటప్పుడు రూఫ్, ఏసీ, కిచెన్ అందరూ చూసుకుంటారు కానీ ఇంటి కింద టార్చి వేసి చూసేవాళ్ళు తక్కువ. ఆ ఇళ్ళలో పెద్ద ఖర్చు తెచ్చిపెట్టేవి చాలావరకు కింద మొదలవుతాయి. అందుకే ఈ ప్రశ్నలూ జవాబులూ.

బెల్లీ అంటే ఇంట్లో ఏ భాగం?

మొబైల్ హోమ్‌ని ఫ్యాక్టరీలో స్టీల్ ఫ్రేమ్ మీద కట్టి, ట్రక్కుతో లాక్కొచ్చి, సిమెంట్ బ్లాకుల దిమ్మెల మీద నిలబెడతారు. ఫ్లోర్ కింద చెక్క దూలాలు, వాటి మధ్య నీళ్ళ పైపులు, వేడిగాలి, చల్లగాలి పంపే డక్టులు, వాటి కింద ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ ఉంటాయి. ఇదంతా జారిపోకుండా అడుగునుంచి పట్టి ఉంచే షీటే బెల్లీ. బాటమ్ బోర్డ్ అనీ, బెల్లీ ర్యాప్ అనీ అంటారు. పాత ఇళ్ళలో తారు పట్టించిన అట్టలాంటి బోర్డు ఉండేది. ఇప్పటి ఇళ్ళలో నల్లటి, నేసిన పాలిథిన్ షీటు వస్తోంది. ఇంటి చుట్టూ కిందిభాగాన్ని కప్పేది స్కర్టింగ్, అది వేరు.

1976 జూన్ 15 నుంచి ఇలాంటి ఇళ్ళన్నీ హడ్ అనే ఫెడరల్ శాఖ నిబంధనల ప్రకారం కట్టాలి. ఆ తర్వాతి ఇళ్ళకు చట్టంలో మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ అని పేరు. బయటి గోడ మీద ఎర్రటి చిన్న రేకు లేబుల్ ఉంటే అలాంటి ఇల్లే. అంతకుముందు కట్టినవాటిలో కింద ఏం వాడారో తెరిచి చూస్తేగానీ తెలియదు.

చిన్న చిరుగే కదా, వదిలేస్తే ఏమవుతుంది?

చలి ప్రాంతంలో అయితే మొదటి దెబ్బ పైపులకే. ఇంట్లోని వేడి కొంత ఫ్లోర్ గుండా కిందికి దిగుతుంది. ఇన్సులేషన్ ఆ వేడిని పట్టి ఉంచడం వల్లే పైపులు గడ్డకట్టకుండా ఉంటాయి. షీటు చిరిగి ఇన్సులేషన్ జారిందంటే ఆ పైపుకి బయటి చలిగాలి నేరుగా తగులుతుంది. గట్టిగా మంచు పడిన రాత్రి పైపు పగులుతుంది, పొద్దున్న కరగగానే నీళ్ళన్నీ బెల్లీలోకే పోతాయి.

టెక్సస్, లూసియానా, ఫ్లోరిడా వైపు ఉన్నవాళ్ళు మాకు మంచు లేదు కదా అనుకోకండి. అక్కడ ఎండాకాలం సమస్య వేరు. బయటి తేమగాలి చిరుగులోంచి లోపలికి వెళ్ళి, ఏసీతో చల్లబడిన డక్టుకీ ఫ్లోర్ అడుగుకీ తగిలి నీటిచుక్కలై అంటుకుంటుంది. పైన వినైల్ ఫ్లోరింగ్ ఉంటే ఆ తడి పైకి ఆరే దారి కూడా లేదు. పాత ఇళ్ళలో ఫ్లోర్‌కి పార్టికల్ బోర్డ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన బోర్డు) వాడేవారు. అది తడి పీల్చుకుంటే ఉబ్బి పొడిపొడిగా రాలిపోతుంది. బాత్రూమ్ గుమ్మం దగ్గర కాలు వేస్తే మెత్తగా దిగబడుతోందంటే కింద ఇదే జరుగుతూ ఉండొచ్చు.

ఇక ఎలుకల సంగతి. చిన్న చిరుగు దొరికితే చాలు, వెచ్చటి ఫైబర్‌గ్లాస్‌లో కాపురం పెట్టేస్తాయి.

అసలు చిరుగు ఎందుకు పడుతుంది?

మొదటి అనుమానం ప్లంబర్ మీదే పెట్టుకోండి. పైపు లీకైనప్పుడు బెల్లీని కత్తితో కోసి, రిపేరు చేసి, కోసినచోట రెండు ముక్కలు డక్ట్ టేప్ వేసి వెళ్ళిపోవడం చాలా మామూలు. ఆ టేపు కొన్నాళ్ళకే ఊడిపోతుంది. కేబుల్, ఇంటర్నెట్ వైర్లు లాగేవాళ్ళూ అంతే. ఆ తర్వాత ఎలుకలు, రాకూన్లు, ఒపోసమ్‌లు, పిల్లులు. స్కర్టింగ్ ప్యానెల్ ఒకటి పడిపోయి ఉంటే అవి తాపీగా లోపలికి వస్తాయి, గాలి కూడా దూరి షీటుని కొట్టి కొట్టి మేకుల దగ్గర చింపుతుంది. రోడ్డు మీద లాక్కొచ్చేటప్పుడే చిరిగినవీ ఉంటాయి.

లీకై బెల్లీలో నిలిచిన నీళ్ళ బరువు ఇంకో కారణం. డక్ట్ లోపల ఎక్కడైనా ఊడిపోయి ఉంటే ఫర్నేస్ గాలి బెల్లీలో నిండి షీటు ఉబ్బి, అతుకుల దగ్గర విడిపోవడం కూడా జరుగుతుంది.

కారణం దొరక్కుండా ప్యాచ్ వేయకండి. లోపల లీకు అలాగే ఉండి బయట చక్కగా మూసేస్తే నీళ్ళు పోయే దారి కూడా మీరే మూసినట్టు. ఏమీ చేయకుండా ఉన్నదానికంటే నష్టం ఎక్కువ.

ఇంట్లో కూర్చునే గుర్తుపట్టొచ్చా?

కొంతవరకు. ఒకే గదిలో నేల మిగతా ఇంటికంటే చల్లగా ఉండటం, వెంట్‌లోంచి గాలి బాగా తగ్గిపోవడం, హీటింగ్ ఆన్ చేయగానే మట్టివాసన లేదా ఎలుకల కంపు రావడం, కుళాయిలన్నీ కట్టేసినా వాటర్ మీటర్ తిరుగుతూ ఉండటం. వీటిలో ఏ ఒక్కటున్నా కిందకి వెళ్ళి చూడాల్సిందే.

కిందకి దూరే ముందు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అన్నిటికంటే ముందు కరెంటు. ఇంటి స్టీల్ ఫ్రేమ్, రేకు స్కర్టింగ్ కరెంటు పట్టే వస్తువులు. గ్రౌండింగ్ సరిగా లేక, ఎక్కడో వైరు కొరుకుడు పడితే ఫ్రేమ్‌కే కరెంటు రావచ్చు. తడి నేల మీద బోర్లా పడుకున్న మనిషికి అది ప్రాణాంతకం. నాన్ కాంటాక్ట్ టెస్టర్‌తో (తాకకుండానే కరెంటు ఉందో లేదో చెప్పే పరికరం) ముందు స్కర్టింగ్‌నీ ఫ్రేమ్‌నీ చూడండి. అది కూత పెట్టినా, వెలిగినా దేన్నీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఏమీ లేకపోయినా సరే, మెయిన్ బ్రేకర్ ఆపేసి, బ్యాటరీ లైటుతోనే పని చేయండి.

ఇల్లు దిమ్మెల మీద కాకుండా జాకీల మీద ఉంటే కిందకి వెళ్ళనే వద్దు. దిమ్మెలు ఒరిగి ఉన్నా అంతే.

ఒంటినిండా కప్పే కవరాల్, ఎన్95 మాస్క్, రక్షణ కళ్ళజోడు (సేఫ్టీ గాగుల్స్), గ్లౌజులు వేసుకోండి. తలెత్తి పని చేస్తారు కాబట్టి ఫైబర్‌గ్లాస్ నూగు నేరుగా కళ్ళలో పడుతుంది. కళ్ళజోడు లేకుండా ఒక్క నిమిషం పని కూడా వద్దు. బ్లాక్ విడో సాలెపురుగులు, దక్షిణాది రాష్ట్రాల్లో పాములు ఇలాంటి చోట్లే ఉంటాయి కనుక చెయ్యి పెట్టేముందు లైటు వేసి చూడండి. ఒక మనిషి బయట ఉండాలి, ఫోన్ చేతిలో పెట్టుకుని.

బెల్లీ ఒకచోట ఉబ్బి కిందికి వేలాడుతోంది. నీళ్ళా, ఇన్సులేషనా?

అరచేత్తో మెల్లగా పైకి నొక్కి చూడండి. ఇన్సులేషన్ మాత్రమే అయితే తేలిగ్గా, మెత్తగా పైకి లేస్తుంది. నీళ్ళుంటే తోలు తిత్తిలా బరువుగా తగిలి, నొక్కినచోట కాకుండా పక్కన కదులుతుంది.

నీళ్ళయితే మెయిన్ వాల్వ్ కట్టేయండి. కరెంటు ఎటూ ఆపేసే ఉంటారు. ఉబ్బు కింద పడుకోకండి. పక్కకి జరిగి, అన్నిటికంటే కిందికి వేలాడుతున్న చోట కత్తిమొనతో అంగుళమంత గంటు పెట్టి, కింద బకెట్ ఉంచండి. ముందు సన్నటి ధార వస్తుంది, తర్వాత ఫైబర్‌గ్లాస్ పీచుతో కలిసిన గోధుమరంగు నీళ్ళు వస్తాయి. ఆత్రంగా పెద్ద కోత పెడితే తడి ఇన్సులేషన్ మొత్తం ఒక్కసారిగా ముఖం మీద పడుతుంది, దాని బరువు ఊహించినదానికంటే చాలా ఎక్కువ. నీళ్ళు ఆగాక గంటుని పొడుగ్గా, తిన్నగా కొయ్యండి. తిన్నటి కోతను మళ్ళీ అతకడం సులువు.

నీళ్ళు మురికి వాసన వస్తే అది డ్రెయిన్ లీకు. అప్పుడు తడిసినదంతా తీసేయడమే కాదు, చెక్కని క్రిమిసంహారక మందుతో తుడవాలి కూడా.

తడిసిన ఇన్సులేషన్‌ని ఆరబెట్టి మళ్ళీ పెట్టొచ్చా?

వద్దు. ఒకసారి నీళ్ళు పీల్చి అణిగిపోయిన ఫైబర్‌గ్లాస్ మళ్ళీ పొంగదు. పొంగకపోతే అందులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే అది చలిని ఆపదు. చెక్క మీద చెయ్యి పెట్టి పొడిగా ఉంది అనుకోకండి. తేమ కొలిచే మీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. చెక్కలో తేమ 20 శాతం కంటే బాగా కిందికి దిగేదాకా స్కర్టింగ్ తీసి, ఫ్యాన్ పెట్టి ఆగండి. రోజులు పట్టొచ్చు. ఈ ఆగడమే అందరూ వదిలేసే పని, బూజు రావడానికి అదే కారణం.

లోపల ఎలుకల పెంటికలు, గూళ్ళు ఉన్నాయి. ఊడ్చేయొచ్చా?

పొడిగా ఊడవద్దు, వ్యాక్యూమ్ కూడా పెట్టొద్దు. ముఖ్యంగా పడమటి రాష్ట్రాల్లో డీర్ మౌస్ అనే ఎలుక పెంటికల దుమ్ము పీలిస్తే హాంటావైరస్ అనే ప్రమాదకరమైన వైరస్ సోకే ప్రమాదం ఉంది. ఒకపాలు బ్లీచ్‌కి తొమ్మిదిపాళ్ళు నీళ్ళు కలిపి, పూర్తిగా తడిసేలా చల్లి, 5 నిమిషాలు ఆగి, గ్లౌజులతో పేపర్ టవల్‌తో ఎత్తి సంచిలో కట్టి పారేయాలి. ఎలుక మూత్రం తగిలిన ఇన్సులేషన్ మొత్తం తీసేయాల్సిందే.

తర్వాత దారులు మూయాలి. పావు అంగుళం కంత చాలు చిట్టెలుకకి. పైపులు ఫ్లోర్‌లోంచి దిగేచోట ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. అక్కడ స్టీల్ వూల్ కుక్కి సీలెంట్ పెట్టండి. పెద్ద కంతలకి పావు అంగుళం కన్నాల ఇనుప జల్లెడ బిగించండి. షీటు మీద ఎంత మంచి ప్యాచ్ వేసినా ఎలుక పళ్ళకి అది ఆగదు.

మూసేముందు లోపల ఇంకేం చూడాలి?

పైపులన్నీ. బూడిదరంగు ప్లాస్టిక్ పైపు కనిపిస్తే అది పాలీబ్యుటిలీన్ కావచ్చు. 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా విపరీతంగా వాడారు, అతుకుల దగ్గర లీకవుతాయని పేరుమోసి, కోర్టు కేసుల దాకా వెళ్ళింది. ఎలాగూ తెరిచారు కాబట్టి ఆ ముక్క వరకైనా పెక్స్ (వంగే గుణమున్న ప్లాస్టిక్) పైపుకి మార్చేయడం తెలివైన పని.

డక్టులు చూడండి. ఇన్సులేషన్ ఒకచోట మసిపట్టినట్టు నల్లగా ఉంటే అక్కడినుంచి గాలి లీకవుతోందని గుర్తు. ఏళ్ళ తరబడి గాలిలోని దుమ్మంతా ఫైబర్‌గ్లాస్ వడకట్టి ఉంచుకుంటుంది. అలాంటి చోట అతుకులకి డక్ట్ మాస్టిక్ అనే చిక్కటి సీలెంట్ పూయండి. డబుల్ వైడ్ (రెండు భాగాలుగా తెచ్చి కలిపిన) ఇల్లయితే ఆ రెండు భాగాల్నీ కలిపే క్రాసోవర్ డక్ట్ బెల్లీ బయట ఉంటుంది. అది నేలకి ఆనకుండా పట్టీలతో వేలాడాలి. సింకు, టబ్బు కింద ఉండే పి ట్రాప్‌ల (ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉండే వంపు పైపుల) చుట్టూ ఇన్సులేషన్ ఉందో లేదో కూడా చూడండి, గడ్డకట్టడంలో ముందుండేవి అవే.

ఏ టేప్ వాడాలి? డక్ట్ టేప్ పనికిరాదా?

పనికిరాదు. డక్ట్ టేప్ జిగురు ఎండవేడికీ చలికీ ఎండిపోయి ఊడుతుంది. మొబైల్ హోమ్ పార్టుల షాపుల్లో బెల్లీ టేప్, బాటమ్ బోర్డ్ రిపేర్ టేప్ అని వేరుగా అమ్ముతారు, అది కొనండి. వేళ్ళ పొడవు దాటని చిరుగుకి అదొక్కటే సరిపోతుంది.

టేప్ ఎంత మంచిదైనా కింద దుమ్ముంటే పట్టదు. చిరుగు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, తర్వాత రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వండి. టేప్ అంటించాక చేత్తో నిమిరి వదిలేయకుండా చిన్న రోలర్‌తో గట్టిగా రుద్దండి. ఒత్తిడితోనే పట్టే జిగురు అది.

చిరుగు పెద్దదైతే ప్యాచ్ ఎలా వేయాలి?

ముందు లోపల కొత్త ఇన్సులేషన్ సర్దండి. దూలాల మధ్య నిండుగా ఉండాలి కానీ కుక్కకూడదు. పడిపోకుండా నైలాన్ తాడు అటూ ఇటూ కట్టండి. ఇన్సులేషన్ బరువంతా ప్యాచ్ మీద పడితే ప్యాచ్ నిలవదు.

తర్వాత బెల్లీ షీటు ముక్కని చిరుగు కంటే నాలుగువైపులా కనీసం 3, 4 అంగుళాలు ఎక్కువగా కత్తిరించండి. మూలలు గుండ్రంగా కొయ్యండి, కోసుగా ఉన్న మూల నుంచే ఎప్పుడూ ఊడటం మొదలవుతుంది. చిరుగు చుట్టూ తుడిచి, పాలిథిన్‌కి పట్టే అడ్హెసివ్ రాసి, ముక్కని అంటించండి. చాలా జిగుర్లు పాలిథిన్‌కి అసలు పట్టవు, ట్యూబు మీద చూసి కొనండి.

ఇక్కడే ఒక పనిముట్టు గురించి చెప్పాలి. షీటు గాల్లో వేలాడుతూ ఉంటుంది, వెనక చెక్క ఉండదు, మామూలు స్టేపుల్ గన్ కొడితే పిన్ను నిలవదు. దీనికి ఔట్‌వర్డ్ క్లించ్ స్టేప్లర్ అని వస్తుంది. దాని పిన్ను రెండు షీట్లనీ గుచ్చుకుని, అవతలివైపు కాళ్ళు రెండూ బయటికి విచ్చుకుని పట్టేస్తుంది. వెనక ఆధారమే అక్కర్లేదు. బెల్లీ పని చేసేవాళ్ళ దగ్గర ఇది లేకపోతే వాళ్ళకి ఈ పని కొత్త అని అనుమానించొచ్చు. అంగుళం, రెండు అంగుళాల ఎడంలో అంచు వెంట కొట్టుకుంటూ వెళ్ళి, చివర్లో అంచులన్నిటి మీదా బెల్లీ టేప్ వేయండి, పిన్నులు కూడా దాని కిందకి వచ్చేలా.

దూలం దొరికేచోట సన్నటి చెక్కపట్టీ పెట్టి షీటుని దూలానికి స్క్రూలతో బిగిస్తే ఇంకా గట్టి.

ఇలా అతికితే నిబంధనలు ఒప్పుకుంటాయా?

ఒప్పుకుంటాయి. బాటమ్ బోర్డ్ మెటీరియల్ ప్యాచ్ వేయడానికి అనువుగా ఉండాలనీ, ప్యాచ్ కూడా అసలు షీటు ఉన్నన్నాళ్ళు ఉండాలనీ, ఎలా వేయాలో కంపెనీ తన పుస్తకంలో ఇవ్వాలనీ హడ్ నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. ఇల్లు దింపేటప్పుడు చిరిగితే ముందు పోయిన ఇన్సులేషన్ పెట్టి, ఆ తర్వాతే షీటు మూసి, అంచులన్నీ సీల్ చేయాలని ఇన్‌స్టలేషన్ నిబంధనలూ చెబుతాయి. మీ ఇంటి మాన్యువల్ వంటింటి అరల్లోనో ఫర్నేస్ పక్కనో ఉందేమో వెతకండి. అందులో చెప్పిన పద్ధతి ఇక్కడ చెప్పినదానికి తేడాగా ఉంటే అదే పాటించండి.

బెల్లీ మొత్తం మార్చాల్సి వస్తే?

షీటు ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నా, సగానికి పైగా ప్యాచులే ఉన్నా మార్చడమే నయం. రోల్స్‌గా దొరుకుతుంది. ఇంటి ఒక చివర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పాతది తీస్తూ కొత్తది కొడుతూ పోవాలి. స్టీల్ ఫ్రేమ్, ఇరుసులు అడ్డొస్తాయి కాబట్టి వాటి చుట్టూ కోసి అతకాలి. ఒక్కరి వల్ల కాదు. ఇది మాత్రం పనివాళ్ళకి ఇవ్వమనే నా సలహా.

స్ప్రే ఫోమ్ కొట్టేస్తే పీడా పోతుంది కదా?

పైపు దిగేచోట కంతలకి చిన్న డబ్బా ఫోమ్ సరే. బెల్లీ అంతా కొట్టించుకుంటే పైపులు, వైర్లు అందులో ఇరుక్కుపోతాయి. రేపు లీకు వస్తే చెక్కుతూ వెతకాలి.

ఇన్సులేషన్ ఒకవైపు పేపర్ అంటించి ఉన్నది కొనాలా, లేనిదా?

లేనిది. పేపర్‌ని తప్పువైపు పెట్టి తేమని లోపల బంధించడం కంటే అసలు లేకపోవడమే మంచిది. మందం ఎంతన్నది పక్కన చెక్కుచెదరకుండా ఉన్న ఇన్సులేషన్‌ని కొలిచి అంతే కొనండి. ఎక్కువ మందం కొని అదిమి పెడితే లాభం లేదు.

నేలమీద కూడా ప్లాస్టిక్ పరచాలంటారు. బెల్లీ బాగుంటే అది ఎందుకు?

మట్టిలోంచి తేమ ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు, మిల్లీమీటర్ కాదు) మందం పాలిథిన్ నేలంతా పరిచి, అతుకుల దగ్గర 12 అంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా వేయాలి. స్కర్టింగ్ వెంట్లు మూసేయకండి. డ్రయ్యర్ గొట్టం స్కర్టింగ్ బయటికే పోవాలి. చాలా ఇళ్ళలో అది ఊడి ఇంటి కిందే వదులుతూ ఉంటుంది. ప్రతి లోడు బట్టల తడీ బెల్లీకే పోతుందన్నమాట.

చలికాలంలో ఈ పని చేయొచ్చా?

టేపులు, జిగుర్లు బాగా చలిలో పట్టవు. సుమారు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు చూసుకోండి, డబ్బా మీద ఎంత రాశారో అది పాటించండి. అత్యవసరమైతే ఇన్సులేషన్ సర్ది, షీటుని చెక్కపట్టీలతో దూలాలకి బిగించి గండం గడిపి, వసంతంలో సరిగ్గా చేసుకోండి. పైపులకి పాత హీట్ టేప్ (పైపు గడ్డకట్టకుండా కరెంటుతో వేడెక్కే తీగ) చుట్టి ఉంటే దాన్ని ఇన్సులేషన్ కింద అలాగే మూసేయొద్దు, పాతబడిన హీట్ టేపుల వల్ల ఇళ్ళు కాలిపోయాయి. మొబైల్ హోమ్‌కి ఆమోదించిన కొత్తది, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ) ఉన్న ప్లగ్‌కి పెట్టించండి.

ఖర్చు ఎవరిది? ఇన్సూరెన్స్ వస్తుందా?

ఇల్లు మీదై, స్థలం మొబైల్ హోమ్ పార్కువాళ్ళదైతే బెల్లీ మీ బాధ్యతే. ఇల్లే అద్దెకి తీసుకుంటే ఓనర్‌కి ఫొటోలతో సహా రాతపూర్వకంగా చెప్పండి. మెసేజ్ అయినా సరే, ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు. ఇన్సూరెన్స్ పాలసీలు మామూలుగా ఎలుకల నష్టాన్నీ పాతబడటాన్నీ ఒప్పుకోవు. హఠాత్తుగా పైపు పగిలి జరిగిన నష్టాన్ని ఒప్పుకునే అవకాశం ఉంది, అందుకే తడిసినదాన్ని పారేసేముందు ఫొటోలు తీయండి.

కొత్త ఇల్లయితే మొదటిసారి నిలబెట్టిన ఏడాదిలోపే లోపాల్ని రాసి పంపండి. ఆ ఏడాదిలో చెప్పినవాటికే హడ్ వివాద పరిష్కార కార్యక్రమం వర్తిస్తుంది.

ఆదాయం తక్కువైతే వెదరైజేషన్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అనే ఫెడరల్ ప్రభుత్వ పథకం ఉంది, 1976 నుంచి నడుస్తోంది, మొబైల్ హోమ్‌లకీ వర్తిస్తుంది. బెల్లీ రిపేరు, ఇన్సులేషన్, డక్ట్ సీలింగ్ లాంటివి ఉచితంగా చేస్తారు. మీ కౌంటీలో ఏ సంస్థ నడుపుతోందో కనుక్కుని దరఖాస్తు పెట్టండి, వెయిటింగ్ లిస్టు ఉన్నా సరే.

పనివాళ్ళకి ఇస్తే మోసపోకుండా ఎలా?

మీరు కిందకి దూరి చూడరని వాళ్ళకి తెలుసు. అందుకే ముందే మూడు దశల ఫొటోలు అడగండి: పాత ఇన్సులేషన్ తీసేశాక ఖాళీగా ఉన్నప్పుడు, కొత్త ఇన్సులేషన్ పెట్టాక షీటు మూయకముందు, టేపులన్నీ వేశాక. రెండో దశ ఫొటో చూశాకే మూయమనండి. మూసేశాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. కొటేషన్‌లో చిరుగు ఎందుకు పడిందో ఒక్క లైనైనా రాయమని అడగండి. రాయలేకపోతే ఇంకొకరిని పిలవండి.